బిగించి వచ్చిన బండా, మనం బిగించుకునే బండా?

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. పాడైన టార్చిలైటునో గోడ గడియారాన్నో విప్పితే, దాన్ని మళ్లీ బిగించేదాకా అన్నానికి రాడు. ఈ వేసవికి రిమోట్ కంట్రోల్ కారు కొనిస్తానని మాటిచ్చాను. పూర్తిగా బిగించి వచ్చేది మంచిదా, విడిభాగాలుగా వచ్చే కిట్ మంచిదా? మా ఊళ్లో తిప్పుకోవడానికి సిమెంటు రోడ్డు, కాలువ గట్టు, దాళ్వా కోతలయ్యాక ఖాళీ అయ్యే చేలు ఉన్నాయి.
– ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: మీ అబ్బాయి స్వభావాన్ని బట్టి కిట్ కొనమనే చెబుతాను. బిగించి వచ్చిన బండి తక్కువదేమీ కాదు. బ్యాటరీ చార్జి చేసిన వెంటనే పరుగెత్తుతుంది, బండి నడపడమే ముఖ్యమనుకునే పిల్లలకు అదే సరైనది. అయితే మన ప్రాంతంలో ఈ బండ్లు ఒండ్రుమట్టిలోనూ, కాలువ గట్టు దుమ్ములోనూ తిరుగుతాయి కాబట్టి, ఏదో ఒకనాడు గేర్ల పెట్టెలోకి ఇసుక చేరడం, ముందు చక్రాన్ని పట్టి ఉంచే చేయి విరగడం తప్పదు. ఆ రోజున తెగిన తీగను సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు అతికిస్తాడేమో గాని, గేర్ల పెట్టె విప్పి సరిచేసేవారు దగ్గరలో దొరకడం కష్టం. తన చేత్తో దాన్ని కూర్చిన పిల్లవాడికి మాత్రం ఏ మర (స్క్రూ) వెనుక ఏముందో తెలిసే ఉంటుంది.

కిట్ చవక అనుకుని మాత్రం కొనకండి. చాలా కిట్లలో రిమోట్, దాని సంకేతాన్ని అందుకునే రిసీవరు, ముందు చక్రాలను పక్కలకు తిప్పే చిన్న మోటారు పెట్టె (సర్వో), బ్యాటరీ, చార్జరు ఉండవు. కొన్నింటిలో మోటారు, స్పీడ్ కంట్రోలరు ఉంటాయి, కొన్నింటిలో అవీ ఉండవు. ఇవన్నీ కలుపుకుంటే బిగించి వచ్చిన బండి ధరను మించిపోవచ్చు కనుక, పెట్టెలో ఏమేమి ఉన్నాయో చదివి మొత్తం లెక్క వేసుకున్నాకే డబ్బు కట్టండి. నేలకు ఆనుకుని పరుగెత్తే రేసు కారు నమూనా కోసిన వరి మోళ్ల మీద ఒక గజం కూడా కదలదు. అసలు బండిలో పదో వంతు కొలతలో, పెద్ద చక్రాలతో వచ్చే బగ్గీనో ట్రక్కునో ఎంచుకోండి.

బిగించడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కిట్ కొన్నవారు నిరాశపడేది ఇక్కడే. జపానుకు చెందిన తమియా సంస్థ 1976లో పోర్షే 934 నమూనాతో విద్యుత్ రిమోట్ కార్ల కిట్లు మొదలుపెట్టింది. ఆ సంస్థ సూచనల పుస్తకంలో ప్రతి మరనూ అసలు కొలతలోనే బొమ్మ గీస్తారు; మరను ఆ బొమ్మ మీద పెట్టి పొడవు సరిచూసుకోవడం మీ అబ్బాయికి మొదటి రోజే అలవాటు చేయండి. ప్లాస్టిక్‌లోకి దిగే మరను బలంకొద్దీ తిప్పితే గాడి అరిగిపోయి ఇక పట్టదు, కాబట్టి అది బిగుసుకున్న క్షణంలోనే చేయి ఆపాలి. మోటారు చిన్న గేరుకూ దాని పక్క పెద్ద గేరుకూ మధ్య దూరాన్ని మనమే సరిచేసుకోవలసిన నమూనా అయితే, వాటి మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి బిగించి, తరువాత కాగితాన్ని లాగేస్తే సరైన సందు మిగులుతుంది. సర్వో పైన దాని చేయి (చక్రాలకు కదలికనిచ్చే చిన్న ముక్క) బిగించే ముందు రిమోట్, బండి రెండూ ఆన్ చేసి సర్వోను నడిమి స్థానానికి తేవాలి. ఈ పని మరిచిపోతే బండి ఎప్పుడూ ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది. చక్రాల ఇరుసులకు కిట్‌లో ప్లాస్టిక్ బుష్‌లు (ఇరుసు తిరిగే ఉంగరాలు) వస్తే, బిగించేటప్పుడే వాటి స్థానంలో మూతలున్న బాల్ బేరింగులు వేయించండి. తరువాత మార్చాలంటే గేర్ల పెట్టె అంతా విప్పాలి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి బేరింగులు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి, తడిలో తిప్పిన ప్రతిసారీ తుడిచి, ఆరబెట్టి, ఒక చుక్క నూనె వేయాలి.

కొత్తవారికి ఇదంతా ఐదారు సాయంత్రాల పని. మీరు పక్కన కూర్చోండి, కాని స్క్రూడ్రైవర్ మీరు తీసుకోకండి. మొదటి బ్యాటరీగా 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం చాలు. లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్ 3 వోల్టులకు దిగువకు పోకూడదు, ఉబ్బితే ఇక వాడకూడదు, చార్జి అవుతున్నంతసేపూ మనిషి దగ్గర ఉండాలి. ఆ క్రమశిక్షణ అలవడ్డాక దానికి మారవచ్చు.

ప్రశ్న: మనవడికి బిగించి ఉన్న బండే కొన్నాను. రెండు నెలలకే ముందు చక్రాలు పక్కలకు తిరగడం మానేశాయి, మోటారు మాత్రం బాగానే ఉంది. ఇక పారేయవలసిందేనా?
– ఒక తాతగారు, రాజోలు

జవాబు: పారేయకండి. పై మూత తీసి చూడండి. మొత్తం ఒకే సర్క్యూట్ పలకతో నడిచే ఆటబొమ్మ అయితే విడిభాగాలు దొరకవు, చేయగలిగింది తక్కువ. రిసీవరు, స్పీడ్ కంట్రోలరు, సర్వో వేరువేరుగా ఉన్న బండి అయితే మీ మనవడికి మంచి అవకాశం వచ్చినట్టే. రిమోట్ స్టీరింగు తిప్పినప్పుడు సర్వో గుయ్‌మని శబ్దం చేస్తూ చక్రాలు కదలకపోతే, లోపలి పళ్లు అరిగి ఉంటాయి, లేదా సర్వోను చక్రాలకు కలిపే లింకు ఊడి ఉంటుంది. శబ్దమే లేకపోతే, చక్రాలు నేలకు తగలకుండా బండిని ఒక డబ్బా మీద ఎత్తి పెట్టి, రిసీవరులో సర్వో, స్పీడ్ కంట్రోలర్ల ప్లగ్గులను ఒకదాని స్థానంలో మరొకటి పెట్టండి. అప్పుడు రిమోట్ మీద బండిని నడిపే ట్రిగ్గర్ నొక్కితే ముందు చక్రాలు పక్కలకు తిరిగాయంటే సర్వో మంచిదే, లోపం రిమోట్‌లోనో రిసీవరులోనో ఉంది. తిరగకపోతే సర్వో మార్చాలి. పాత సర్వో కొలతలు, పైన చేయి దూర్చే పళ్ల సంఖ్య రాసుకుని అదే రకం తెప్పించండి. కొత్తది మనవడి చేతనే బిగించనివ్వండి, మరలు విప్పిన వరుసలోనే ఒక పళ్లెంలో పేర్చుకోమనండి.