కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌ల ఆటతీరు ఎన్‌బీఏలో నెగ్గుతుందా?

కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఏళ్ల తరబడి గెలిచిన కోచ్ తన ఆటతీరును అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకు తీసుకువెళితే అది అక్కడ నెగ్గుతుందా అని మీరు అడిగారు. ఉన్నదున్నట్టుగా తీసుకువెళితే చాలావరకు నెగ్గదని, అందులో ఒక భాగం మాత్రం చక్కగా నెగ్గుతుందని నా అభిప్రాయం. ఆ భాగం ఏదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

తొంభైల చివర విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతూ నేను కాలేజీ జట్టుకు ఆడాను. ప్రత్యర్థి చేతికి బంతి అందిన క్షణం నుంచే కోర్టు పొడవునా వెంటాడాలన్నది మా పీడీ సార్ పద్ధతి. దీన్నే ఫుల్ కోర్ట్ ప్రెస్ అంటారు. పొద్దున ఐదున్నరకు గ్రౌండుకు రానివాడికి జట్టులో చోటుండేది కాదు. టోర్నమెంట్ నాలుగు రోజుల్లో ముగిసిపోయేది కాబట్టి, ఒంట్లో ఉన్న శక్తినంతా ఆ నాలుగు రోజుల్లోనే ఖర్చు చేసేవాళ్లం, గెలిచేవాళ్లం కూడా. 2001లో ఎంఎస్ చదవడానికి అమెరికాలోని శాక్రమెంటో వచ్చి, తరువాత ఉద్యోగంలో చేరాక, శనివారాలు ఆడే మావాళ్ల జట్టుకు అదే ప్రెస్ నేర్పాను. మొదటి రెండు వారాలు గెలిచాం. నాలుగో వారానికి కాళ్లు ఆగిపోయాయి, ఆరో వారానికి ఇద్దరు రావడం మానేశారు. పీడీ సార్‌కు ఉన్న అధికారం నాకు లేదు, నాలుగు రోజుల్లో ముగిసే టోర్నమెంటూ కాదది.

ఇదే కథ పెద్ద స్థాయిలో పాల్ వెస్ట్‌హెడ్ విషయంలో జరిగింది. ఆయన కోచ్‌గా ఉన్న లయోలా మేరీమౌంట్ విశ్వవిద్యాలయం జట్టు 1989–90లో ఆటకు సగటున 122.4 పాయింట్లు చేసింది. బంతి దొరికిన కొద్ది సెకన్లలోనే షాట్ వేయడం, వెంటనే ఫుల్ కోర్ట్ ప్రెస్‌కు దిగడం, ఎదుటివారు అలసిపోయేదాకా ఆపకపోవడం, ఇదీ ఆయన పద్ధతి. సముద్రమట్టానికి మైలు ఎత్తున, గాలి పలుచగా ఉండి ఎదుటివారు త్వరగా అలసిపోయే డెన్వర్‌కు ఈ ఆట సరిగ్గా సరిపోతుందన్న ఆశతో 1990లో ఆయన అక్కడి ఎన్‌బీఏ జట్టు నగ్గెట్స్‌కు కోచ్‌గా వెళ్లారు. ఆ సీజన్‌లో జట్టు సగటున 119.9 పాయింట్లు చేసి 130.8 ఇచ్చుకుంది. ఫీనిక్స్ ఒక ఆటలో మొదటి సగంలోనే డెన్వర్‌పై 107 పాయింట్లు చేసింది. చివరికి 20 గెలుపులు, 62 ఓటములు మిగిలాయి. కాలేజీలో ప్రెస్‌కు కంగారుపడి బంతి పోగొట్టుకునేది ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. ఎన్‌బీఏలో బంతి పట్టుకునేవాడు రెండు పాస్‌లలో ఆ ప్రెస్‌ను దాటేసి బాస్కెట్ దగ్గరి నుంచి సులువైన షాట్ (లేఅప్) వేయించగలడు.

అయితే ఆ పద్ధతి పనికిరానిదని తేల్చేయడానికి వీల్లేదు. అదే వెస్ట్‌హెడ్ అదే వేగంతో 2007లో ఫీనిక్స్ మెర్క్యురీకి మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ టైటిల్ సాధించి పెట్టారు. డయానా టౌరాసి వంటి క్రీడాకారిణులు ఉండడం ఒక కారణం. ఎక్కువమంది పట్టించుకోని మరో కారణం ఏమిటంటే, అక్కడ ఆట 40 నిమిషాలు, అప్పటి సీజన్ 34 ఆటలు. కాలేజీ లెక్క కూడా దాదాపు అంతే. ఎన్‌బీఏలో ఆట 48 నిమిషాలు, సీజన్ 82 ఆటలు. కాళ్ల శక్తి మీద నిలబడే పద్ధతికి ఇంతకన్నా పెద్ద అడ్డంకి మరొకటి లేదు.

రిక్ పిటినో అనుభవం కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. 1996లో కెంటకీ విశ్వవిద్యాలయాన్ని జాతీయ విజేతగా నిలిపిన ఆయన ఎన్‌బీఏ జట్టు బోస్టన్ సెల్టిక్స్‌తో 102 ఆటలు గెలిచి 146 ఓడారు. అంతకుముందు న్యూయార్క్ నిక్స్‌ను ఆయన ప్రెస్‌తోనే 1988–89లో 52 గెలుపుల దాకా నడిపించారన్నది కూడా మరిచిపోకూడదు. వయసులో ఉన్న జట్టు ఒకటి రెండేళ్లు అలా పరుగెత్తగలదు.

నెగ్గే భాగం గురించి నేను నేర్చుకున్నది మా ఊరి ఎన్‌బీఏ జట్టు శాక్రమెంటో కింగ్స్ ఆట చూసి. పీట్ క్యారిల్ దాదాపు ముప్ఫై ఏళ్లు ప్రిన్స్‌టన్ కోచ్. ఆటగాళ్లకు క్రీడా స్కాలర్‌షిప్పులు ఇవ్వని విశ్వవిద్యాలయం కావడం వల్ల, తమకన్నా ఎత్తు, వేగం ఉన్న జట్లను ఎదుర్కోవడానికి ఆయన ఆలోచన మీద నడిచే ఆటను పెంచారు. డిఫెండర్ ముందుకు తోసుకొస్తే అతని వెనుక నుంచి బాస్కెట్ వైపు చటుక్కున పరుగెత్తాలి (కట్ చేయాలి), వెనక్కి తగ్గితే అక్కడే షాట్ వేయాలి. 1996 మార్చిలో అప్పటి విజేత యూసీఎల్ఏను 43–41తో ఓడించింది ఈ ఆటే. ఆ ఏడాదే ఆయన కింగ్స్‌కు సహాయ కోచ్‌గా వచ్చారు. తరువాత రిక్ ఆడెల్మన్ హెడ్ కోచ్ కావడం, వ్లాదే దివాచ్, క్రిస్ వెబర్ వంటి పాస్ చేయగల పొడగరులు రావడం కలిసివచ్చాయి.

నేను చదువుకుంటున్న 2001–02లో ఆ జట్టు 61 ఆటలు గెలిచింది. ఫ్రీ త్రో గీత కొసన దివాచ్ బంతి పట్టుకుని నిలబడతాడు. డిఫెండర్ ఒక్క అడుగు తప్పుగా వేసేసరికి బంతి నేలను తాకి కట్ చేసేవాడి చేతిలో పడుతుంది. ఆర్కో అరీనాలో పై వరుసల్లో కూర్చుని అది చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించేది. ప్రిన్స్‌టన్‌లో షాట్ వేయడానికి ఉండే 35 సెకన్ల గడువులో నిదానంగా సాగిన ఆలోచనలే ఇక్కడ 24 సెకన్లలో, ఎంతో వేగంగా సాగాయి. క్యారిల్ ప్రిన్స్‌టన్ నిదానాన్ని కింగ్స్ మీద రుద్దలేదు, డిఫెండర్ కదలికను చదివే పద్ధతిని మాత్రమే ఇచ్చారు. అందుకే అది నిలిచింది. మా శనివారం జట్టులో నేను ప్రెస్ మానేసి ఈ కట్‌లు నేర్పాక, మానేసిన ఇద్దరిలో ఒకరు తిరిగి వచ్చారు.

అధికారం సంగతి కూడా చెప్పాలి. కాలేజీలో తన పద్ధతికి తగిన కుర్రాళ్లను కోచ్ తానే ఎంచుకుని తెచ్చుకుంటాడు, ఆడే నిమిషాలు అతని చేతిలోనే ఉంటాయి. ఎన్‌బీఏలో జట్టును కూర్చేది జనరల్ మేనేజర్. ఆటగాడి కాంట్రాక్టు తరచుగా కోచ్ కాంట్రాక్టు కన్నా పెద్దది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎంతో పేరు తెచ్చుకున్న జాన్ బైలైన్ 2019–20లో క్లీవ్‌లాండ్‌లో 14 గెలుపులు, 40 ఓటములతో సీజన్ మధ్యలోనే తప్పుకున్నారు. బట్లర్ విశ్వవిద్యాలయం నుంచి 2013లో సెల్టిక్స్‌కు వచ్చిన బ్రాడ్ స్టీవెన్స్ కూడా మొదటి ఏడాది 25 ఆటలే గెలిచారు. కానీ ఆరేళ్ల కాంట్రాక్టు ఇచ్చి యాజమాన్యం ఆయనకు వ్యవధినిచ్చింది. ఆయన కూడా ఒకే పద్ధతిని పట్టుకుని కూర్చోలేదు. ఐదడుగుల తొమ్మిది అంగుళాల ఐజయా థామస్ చేతిలో బంతి పెట్టి ఒక ఆట ఆడించారు, ఆ తరువాతి జట్టుతో మరో ఆట ఆడించారు. ఆయన మూడుసార్లు జట్టును లీగ్ ఫైనల్‌కు ముందరి దశ అయిన కాన్ఫరెన్స్ ఫైనల్స్‌కు చేర్చారు.

కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి 2023, 2024లో వరుసగా జాతీయ టైటిళ్లు గెలిపించిన డాన్ హర్లీని ఎన్‌బీఏ జట్టు లేకర్స్ 2024 జూన్‌లో పిలిచినప్పుడు, ఆయన నెగ్గుతారా అని మా జట్టులో పెద్ద చర్చే జరిగింది. ఆయన వెళ్లలేదు. వెళ్లి ఉంటే, బంతి లేనివాళ్లు ఎడతెగకుండా స్క్రీన్‌లు (డిఫెండర్ దారికి అడ్డుగా నిలబడడం), కట్‌లు చేసే ఆయన అఫెన్స్ ఎన్‌బీఏలో నెగ్గేదని, కాలేజీలో లాగా ప్రతి ప్రాక్టీసును యుద్ధంలా నడిపితే మాత్రం సీజన్ మధ్యలో జనవరి దాటేది కాదని ఆ రోజు చెప్పాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.