చిన్న ఊరి హైస్కూల్లో ఒక ఏడాది: మీ ఉత్తరాలకి టీచర్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు హైస్కూల్ పిల్లలవే, రెండుమూడు వాళ్ళ అమ్మానాన్నలవి. అన్నీ చిన్న ఊళ్ళ నుంచే. స్కూల్ తెరిచిన రోజుల నుంచి చివరి పరీక్షల దాకా ఏ కష్టం ఎప్పుడొస్తుందో ఆ వరసలోనే పెట్టి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: టీచర్, నాన్నకి ట్రాన్స్‌ఫర్ అయ్యి ఈ ఏడాది చిన్న ఊళ్ళో స్కూల్లో చేరాను. పాత స్కూల్లో మా క్లాసుకే ఐదు సెక్షన్లు, ఇక్కడ క్లాసు మొత్తం కలిపి ఇరవై ఆరు మందిమి. లైబ్రరీ అంటే ఒక బీరువా. వాళ్ళంతా చిన్నప్పట్నుంచి కలిసి చదివినవాళ్ళు, నేనొక్కదాన్నే కొత్త. ఈ ఏడాది వేస్ట్ అయిపోతుందేమో అని భయంగా ఉంది. (తొమ్మిదో తరగతి అమ్మాయి)

జవాబు: తల్లీ, అందరూ అందరికీ తెలిసిన క్లాసులో కొత్తగా వెళ్ళి కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇంటర్వెల్ బెల్ కొట్టగానే ఎటు నడవాలో తెలీదు, వాళ్ళు నవ్వుకునే జోకులేమో మూడేళ్ళ కిందటివి. మొదటి నెల అలాగే ఉంటుంది, దాన్ని దాటనివ్వు.

ఇక వేస్ట్ సంగతి. రోజర్ బార్కర్, పాల్ గంప్ అని ఇద్దరు పరిశోధకులు అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని హైస్కూళ్ళని చూసి 1964లో ఒక పుస్తకం వేశారు. పదుల్లో పిల్లలున్న స్కూలూ ఉంది వాటిల్లో, రెండు వేలు దాటినదీ ఉంది. పెద్ద స్కూళ్ళలో ఆటలు, నాటకాలు, మ్యూజిక్ లాంటివి ఎక్కువే గానీ పిల్లలు పెరిగినంతగా అవి పెరగలేదు, దాంతో చాలామంది పిల్లలు చూసేవాళ్ళుగానే మిగిలిపోయారు. చిన్న స్కూళ్ళలో పిల్లలు బాధ్యత ఉన్న పనుల్లో ఎక్కువగా కనిపించారు. ఎందుకంటే అక్కడ మనుషులు చాలరు, నాటకానికి ఒకళ్ళు తక్కువైతే ఎవరో వచ్చి నిన్నే అడుగుతారు, బాగా వచ్చా రాదా అని చూడరు. నేను పాఠాలు చెప్పిన ఒక స్కూల్లో ఓ అబ్బాయి పొద్దున వాలీబాల్ ఆడి, చెమట తుడుచుకుంటూ వచ్చి స్టేజి మీద మైకు పట్టుకుని, సాయంత్రం కుర్చీలు కూడా సర్దేవాడు. మాట్లాడాలంటే వణికే పిల్లాడు వాడు, ఏడాది చివరికి ఆ వణుకు లేదు, ఎవరూ వాడికి కోచింగ్ ఇవ్వలేదు, వాడు తప్ప ఇంకెవరూ లేకపోవడమే కారణం.

లైబ్రరీ ఒక బీరువా అన్నావే, అది నిజంగా లోటే, నేను కాదనను. కానీ ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని, పుస్తకాలు ఇచ్చి తీసుకునే రిజిస్టర్ నేను రాస్తాను టీచర్ అని అడుగు. ఈ వారంలోనే అడుగు. నెల తిరిగేసరికి క్లాసులో అందరూ ఏదో ఒక రోజు నీ దగ్గరికి రావాల్సిందే కదా.

ప్రశ్న: నేను ప్రతి పాఠం నాలుగైదు సార్లు చదువుతాను, చదివినప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది, టెస్ట్‌లో మాత్రం ఏమీ గుర్తురాదు. నా బుర్ర మంచిది కాదా టీచర్? (పదో తరగతి అబ్బాయి)

జవాబు: నాన్నా, నీ బుర్ర బాగానే ఉంది, నువ్వు చదివే పద్ధతి నిన్ను మోసం చేస్తోంది. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల ముక్కల్ని తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కపెట్టి 1885లో రాశాడు. మొదటి కొన్ని గంటల్లోనే చాలా భాగం జారిపోతుంది, ఆ తర్వాత జారడం నెమ్మదిస్తుంది. అందరికీ ఇంతే.

2006లో రోడిగర్, కార్పికే అనేవాళ్ళు కాలేజీ స్టూడెంట్స్‌తో ఒక ప్రయోగం చేశారు. కొంతమంది ఒక పేరా రెండుసార్లు చదివారు, మిగతావాళ్ళు ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్ళే ముందు. వారం తర్వాత అడిగితే వాళ్ళకి 42 శాతం గుర్తుంది, చూడకుండా రాసినవాళ్ళకి 56 శాతం. నీకు జరుగుతున్నది ఇదే, చదివిన ఐదు నిమిషాలకి అంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది, పరీక్ష పెట్టేదేమో వారానికి.

కాబట్టి ఒకసారి శ్రద్ధగా చదివి పుస్తకం మూసెయ్, రఫ్ నోట్‌బుక్‌లో గుర్తొచ్చింది గీకెయ్, తర్వాత పుస్తకం తెరిచి వదిలేసినవి ఎర్ర పెన్నుతో రాసుకో. రెండు రోజులాగి మళ్ళీ, వారం ఆగి మళ్ళీ. మొదట్లో సగం కూడా రాదు, చాలా చిరాగ్గా ఉంటుంది, అక్కడే అందరూ మానేస్తారు, నువ్వు మానకు.

ప్రశ్న: మా అబ్బాయి రాత్రి పదకొండున్నర దాకా పడుకోడు, పొద్దున లేవడు, రోజూ స్కూల్‌కి లేటే. బద్ధకం ఎలా వదిలించాలి? (ఒక అమ్మ)

జవాబు: అమ్మా, అంతా బద్ధకం కాదండీ. ఈ వయసులో శరీరంలోని గడియారమే వెనక్కి జరుగుతుంది, నిద్ర తెప్పించే మెలటోనిన్ చిన్నప్పటి కంటే ఆలస్యంగా మొదలవుతుంది. అందుకే అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లో హైస్కూళ్ళు ఎనిమిదిన్నరకి ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. స్కూల్ టైమ్ మనం మార్చలేం గానీ పడుకునే గంట ముందు ఫోన్ తీసి మీ గదిలో పెట్టండి, మీ ఫోన్ కూడా పక్కన పెట్టండి. పొద్దున లేవగానే బయట వెలుతురులో కాసేపు తిరగనివ్వండి. తిట్టి లేపడం మాత్రం ఆపెయ్యండి, దానివల్ల రోజు పాడవడమే తప్ప నిద్ర తీరదు.

ప్రశ్న: నా బెస్ట్ ఫ్రెండ్ నా సీక్రెట్ ఒకటి బయట చెప్పేసింది. ఇప్పుడు మాటల్లేవు. క్లాసులో సగం మంది తన వైపు, సగం నా వైపు. అందరం ఒకే రూమ్, ఒకే దారి, ఎక్కడికెళ్ళినా తనే కనిపిస్తుంది. స్కూల్‌కి వెళ్ళాలనిపించట్లేదు. (తొమ్మిదో తరగతి అమ్మాయి)

జవాబు: ఏడాది మధ్యలో నాకు ఎక్కువగా వచ్చే ఉత్తరం ఇదే తల్లీ. పెద్ద స్కూలైతే ఇంకో గుంపులోకి వెళ్ళిపోవచ్చు, చిన్న స్కూల్లో ఆ దారి లేదు. చిన్న క్లాసులో ఉన్న నిజమైన కష్టం ఇదే, దీన్ని తేలిగ్గా తీసుకోమని ఎవరు చెప్పినా వినకు.

తను చేసింది తప్పే. నీకు కోపం రావడం న్యాయం. కానీ ఇప్పుడు నిన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఆ తప్పు కాదేమో చూసుకో, చుట్టూ చేరిన ఆ రెండు వైపులవాళ్ళు. నీ మాట అక్కడికి, తన మాట ఇక్కడికి మోస్తున్నారు, మోసిన ప్రతిసారీ ఇంకో రెండు మాటలు కలుస్తున్నాయి. నేను చూసిన ఒక జంట ఇలాగే ఏడాదంతా మాట్లాడుకోలేదు, చివరి రోజు ఇద్దరూ నా దగ్గరికి విడివిడిగా వచ్చి ఏడ్చారు, తనే ముందు మాట్లాడుతుందని ఎదురుచూశాను టీచర్ అని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. అప్పుడు నేనే కల్పించుకుని ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధపడతాను.

మెసేజ్ పెట్టకు, స్క్రీన్‌షాట్ అయి అందరికీ చేరుతుంది. ఎవరినీ పంపకు. ఎవరూ లేనప్పుడు నువ్వే వెళ్ళి, నువ్వు చెప్పేసినందుకు నాకు చాలా బాధేసింది అని ఆ ఒక్క మాట చెప్పి ఆగు. తిరిగి ఫ్రెండ్స్ అవ్వాల్సిన పని లేదు, ఒక గదిలో ఊపిరాడేలా కూర్చోగలిగితే చాలు. ఆ సీక్రెట్ వల్ల నిన్ను ఎవరైనా ఏడిపిస్తున్నా, బెదిరిస్తున్నా అది మీ ఇద్దరి గొడవ కాదు, వెంటనే ఇంట్లో, నమ్మకమున్న టీచర్‌కి చెప్పు.

ప్రశ్న: మాకు సైన్స్ చెప్పే టీచర్ రెండు నెలలుగా లేరు. పరీక్షలేమో దగ్గరపడ్డాయి. (పదో తరగతి పిల్లలు, ఏడుగురు)

జవాబు: ఇది చదివి నాకు కోపం వచ్చింది, మీ మీద కాదు. మీ అమ్మానాన్నలు నలుగురైదుగురు కలిసి వెళ్ళి హెడ్‌మాస్టర్‌కి కాగితం మీద రాసివ్వాలి, తేదీ వేసి, ఒక కాపీ దగ్గర పెట్టుకోవాలి. నోటితో చెప్పింది నిలవదు. ఈలోపు మీరు ఏడుగురూ తలా ఒక పాఠం తీసుకుని బోర్డు దగ్గర నిలబడి మిగతావాళ్ళకి చెప్పండి. చెప్పలేక ఆగిపోయిన చోటు రాసిపెట్టుకుని పక్క క్లాసు టీచర్‌ని అదొక్కటే అడగండి, పది నిమిషాలు ఇవ్వని టీచర్‌ని నేను చూడలేదు.

ప్రశ్న: మా స్కూల్లో ఎప్పుడూ నేనే ఫస్ట్. వచ్చే ఏడాది సిటీలో పెద్ద కాలేజీకి వెళ్తున్నాను. అక్కడ నేను ఎవరికీ తెలీను, వెనకబడిపోతే? (పదో తరగతి అమ్మాయి)

జవాబు: తల్లీ, మొదటి టెస్ట్‌లో నీ ర్యాంక్ తగ్గే అవకాశం చాలా ఉంది, అది ముందే చెప్తున్నాను. హెర్బర్ట్ మార్ష్ అనే పరిశోధకుడు 1980ల నుంచి దీన్నే చూస్తున్నాడు. ఒకే తెలివి ఉన్న పిల్లలు తమకంటే బాగా చదివేవాళ్ళ మధ్య కూర్చుంటే, నాకు చదువు రాదు అని అనుకోవడం ఎక్కువవుతుంది. 2003లో అచ్చయిన పరిశీలనలో 26 దేశాల పిల్లల్ని చూశారు, అక్కడా ఇదే కనిపించింది. తగ్గేది నీ మీద నీ అంచనా, నీకు వచ్చిన లెక్కలు రాకుండా పోవు.

ఇప్పుడే ఒక పని చెయ్యి. ఈ ఏడాది నీ రఫ్ నోట్‌బుక్ ఒకటి పారెయ్యకుండా నీతో తీసుకెళ్ళు. అక్కడ రెండు నెలలయ్యాక తెరిచి, అప్పుడు నీకు కష్టంగా అనిపించిన లెక్క ఒకటి చెయ్యి, పక్కనున్న అమ్మాయి మార్కులతో కాకుండా దాంతో పోల్చుకో. మొదటి టెస్ట్ మార్కులు వచ్చాక నాకు ఇంకో ఉత్తరం రాయి, ఎంతొచ్చినా సరే.