పాఠకుల ప్రశ్నలు: కాస్బీ నవలల్లో అంత ఏముంది?

ప్రశ్న: ఎస్.ఎ. కాస్బీ అనే అమెరికన్ క్రైమ్ రచయితకు వరసగా అవార్డులొస్తున్నాయని మా అబ్బాయి చెప్పాడు. నలభై దాటాకే పేరొచ్చిందట, నిజమా? 'సదరన్ నోయర్' అంటే ఏమిటి? హత్యలూ కార్ల ఛేజింగులూ రాస్తే ఇంత గౌరవమా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిజమేనండీ. కాస్బీ 1973లో పుట్టాడు. తొలి నవల 'మై డార్కెస్ట్ ప్రేయర్' 2019లో ఓ చిన్న ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది. అంతకుముందు బార్లలో బౌన్సర్‌గా, కట్టడం పనుల్లో, హార్డ్‌వేర్ స్టోర్‌లో, అంత్యక్రియలు జరిపించే చోట కూడా పనిచేశాడు. రాయడం మాత్రం మానలేదు. 2018లో ఫ్లోరిడాలో జరిగిన బౌచర్‌కాన్ అనే క్రైమ్ సాహిత్య సభలో వేదిక మీద మాట్లాడుతుంటే విన్న ఓ లిటరరీ ఏజెంట్ (రచయితల తరఫున ప్రచురణ సంస్థలతో మాట్లాడే మనిషి) అతణ్ణి పట్టుకున్నాడు. మరుసటి ఏడాది ఆ సభలోనే ఇచ్చే ఆంథొనీ అవార్డు అతని కథకు వచ్చింది. 2020లో 'బ్లాక్‌టాప్ వేస్ట్‌ల్యాండ్' వచ్చాక ఇక వెనక్కి చూసుకోలేదు. దానికి లాస్ ఏంజెలిస్ టైమ్స్ బహుమతి, ఆంథొనీ రెండూ దక్కాయి, తర్వాతి రెండు నవలలకూ ఆంథొనీ వచ్చింది.

ఇక సదరన్ నోయర్. అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెలూ చిన్న టౌన్లూ, అక్కడి పేదరికం, చర్చి, తుపాకులు, బానిసత్వం నాటి నుంచి మానని గాయాలు, వీటి మధ్య నడిచే చీకటి కథలు. కాస్బీది వర్జీనియాలో సముద్రపు పాయ ఒడ్డునున్న మాథ్యూస్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). ఆ రాష్ట్రంలోని రిచ్‌మండ్ నగరమే అంతర్యుద్ధ కాలంలో బానిసత్వాన్ని నిలబెట్టాలని పోరాడిన పక్షానికి రాజధాని. ఈ తరహా నవలలు చాలాకాలం ఎక్కువగా తెల్లవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. అక్కడే పుట్టి పెరిగిన నల్లవాడి కళ్లతో ఆ పల్లెని చూపించడమే కాస్బీ ప్రత్యేకత, నాకైతే అవార్డులకన్నా అదే పెద్ద విషయం.

'బ్లాక్‌టాప్ వేస్ట్‌ల్యాండ్'లో బ్యూరిగార్డ్ అనే మెకానిక్ ఉంటాడు. దొంగతనం చేసినవాళ్లని కారులో తప్పించే పని మానేసి గ్యారేజీ పెట్టుకుంటాడు, పోటీ గ్యారేజీ వచ్చి బేరాలు పడిపోతాయి, కొడుకు కళ్లజోడుకీ తల్లిని ఉంచిన నర్సింగ్ హోమ్‌కీ డబ్బు కావాలి, ఇంకొక్కసారి అని మళ్లీ స్టీరింగ్ పడతాడు. ఛేజింగు చదువుతుంటే టెన్షన్ వస్తుంది కానీ, ఆ బిల్లుల లెక్క చదువుతున్నప్పుడు వచ్చే టెన్షన్ ఇంకా ఎక్కువ. 'ఆల్ ద సిన్నర్స్ బ్లీడ్'(2023)లో వర్జీనియాలోని ఓ కల్పిత కౌంటీకి తొలి నల్లజాతి షెరీఫ్ (జనం ఓట్లేసి ఎన్నుకునే పోలీసు పెద్ద) టైటస్ క్రౌన్ హీరో. తనని ఎన్నుకున్నవాళ్లూ, ఇష్టపడనివాళ్లూ అందరూ అతణ్ణి అనుమానంగానే చూస్తారు. ఇవన్నీ హత్య కథలో కాకుండా ఇంకెక్కడ చెప్పినా ఇంత పట్టు ఉండదు. అందుకే పేరొచ్చాక కూడా అతను క్రైమ్ వదిలి 'సీరియస్ సాహిత్యం' వైపు పోలేదు. సరిగ్గా చేశాడు.

ప్రశ్న: ఏది ముందు చదవాలి? రక్తపాతం ఎక్కువంటున్నారు.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఎక్కువే. కొట్టుకోవడాలు, చంపుకోవడాలు దాచకుండా రాస్తాడు, అవి పడనివాళ్లు ఆలోచించుకోండి. అయినా నా ఓటు 'రేజర్‌బ్లేడ్ టియర్స్'(2021)కే. ఇద్దరు అబ్బాయిలు, ఒకరు నల్లవాడు, ఒకరు తెల్లవాడు, ఒకరినొకరు పెళ్లి చేసుకుని బతుకుతుంటే ఎవరో కాల్చి చంపేస్తారు. బతికుండగా వాళ్లని ఒప్పుకోని తండ్రులు ఐక్, బడ్డీ లీ, ఇద్దరూ జైలు చూసొచ్చినవాళ్లే, పగ తీర్చుకోవడానికి ఒకటవుతారు. పిల్లల పెళ్లిని ఒప్పుకోలేక వాళ్లని దూరం చేసుకున్న తండ్రులు మనకీ కొత్త కాదు కదా, అందుకే మన పాఠకులకి ఇది సూటిగా తగులుతుంది. ఒబామా 2022 వేసవి పుస్తకాల జాబితాలోనూ ఇది ఉంది. ఇది నచ్చితే మెకానిక్ కథ, తర్వాత షెరీఫ్ కథ చదవండి. శవదహనశాల నడిపే కుటుంబం మీద రాసిన 'కింగ్ ఆఫ్ యాషెస్'(2025) ఆఖరున పెట్టుకోండి.