టెక్ సందేహాలు: నేమ్‌ప్లేటుకు గిట్టుబాటు ధర ఎంత?

ప్రశ్న: ఇంట్లో డయోడ్ లేజర్ మెషీన్ (కాంతితో చెక్కను కోసే, చెక్కే యంత్రం) పెట్టి 12×6 అంగుళాల నేమ్‌ప్లేట్లు చేస్తున్నాను. 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసిన షీటు), రెండు పొరలు. షీటు 960 రూపాయలు, అంటే ప్లేటుకు 30. నేను 350కి అమ్ముతున్నా నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండటం లేదు. ఎక్కడ పోతోంది? (అమలాపురం)

ఇదే గోడు పాలకొల్లు నుంచి గిఫ్టు పెట్టెల మీద వచ్చింది, రావులపాలెం నుంచి కీచైన్ల మీద వచ్చింది. సరుకు ఖరీదుకు మూడు రెట్లో నాలుగు రెట్లో వేసి ధర కట్టేస్తున్నారు. లేజర్ పనికి ఆ లెక్క కుదరదు. ఇందులో కరిగిపోయేది చెక్క కాదు, నిమిషాలు.

అసలు సరుకు లెక్కే తప్పింది. షీటు 32 చదరపు అడుగులు, ప్లేటుకు ఒక అడుగు, కాబట్టి 30 రూపాయలు అనుకున్నారు. మీ మెషీన్ బెడ్ (పని జరిగే బల్ల) 400×400 మి.మీ. అని రాశారు. షీటును ఆ కొలతకు కోయిస్తే వచ్చేవి 18 ముక్కలు. ఒక్కో ముక్కలో మీ పలకలు రెండే పడతాయి, పక్కన 95 మి.మీ. పట్టీ తుక్కులోకి పోతుంది. ప్లేటుకు రెండు పలకలు, అంటే షీటుకు 18 నేమ్‌ప్లేట్లు, సరుకు ఒక్కోదానికి 53. కోసే కొట్లోనే 400×320 ముక్కలు అడగండి, 21 వస్తాయి, ఖర్చు 46కి దిగుతుంది. ప్రస్తుతానికి 53 అనే వేసుకుందాం.

ఇక మెషీన్ సమయం. పేరు చుట్టూ ఉన్న నేలంతా నింపి చెక్కుతున్నారు: 25 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు. గీతకూ గీతకూ 0.1 మి.మీ. ఎడమంటే 1000 గీతలు. నిమిషానికి 6000 మి.మీ. వేగంలో గీతకు రెండున్నర సెకన్లు, మొత్తం 42 నిమిషాలు. ప్రతి గీత చివర తల ఆగి వెనక్కి తిరిగే సమయం దీనికి అదనం. ఎడం 0.15 చేస్తే గీతలు 667, సమయం 28 నిమిషాలు. గుమ్మం పక్క గోడ మీద ఉండేదానికి ఆ తేడా అంతగా కనబడదు, ముందు తుక్కు ముక్క మీద చూసుకోండి. సాఫ్ట్‌వేర్ చూపే అంచనాను మాత్రం నమ్మకండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పది ప్లేట్లకు రాసుకోండి.

మెషీన్ 36,000. రోజుకు 3 గంటలు, ఏడాదికి 250 రోజులు, రెండేళ్లు నడుస్తుందనుకుంటే 1500 గంటలు, గంటకు 24 రూపాయలు. కరెంటు, లెన్సు, ఫ్యాను, గాలి పంపు, రిపేర్లు కూడా కలిపి గంటకు 40 అనుకోండి. చెక్కడం, కోత కలిసి గంట పడితే ప్లేటుకు 40.

అసలు చిల్లు మీ చేతి పనిలో ఉంది. డిజైను, వాట్సాప్‌లో "అక్షరం కొంచెం లావు చేయండి" అని మూడుసార్లు మార్పించుకోవడం 25 నిమిషాలు, ఉప్పుకాగితం, రంగు, జిగురు 30, ప్యాకింగు 10. మీ గంటకు 120 వేసినా 130 రూపాయలు. ఇంటి మనిషి కూలి కూలి కాదా? రంగు, టేపు 35, అట్టపెట్టె 30. మొత్తం 288.

దీనికి తరుగు కలపాలి. వడ్లు కాటా వేయించిన ఇంట్లో ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. పదింటికి ఒకటి పాడైతే 288ని 0.9తో భాగించాలి, 320. వానాకాలంలో షీటు గోడకు ఆనించి నిలబెడితే తేమకు వంగుతుంది. వంగిన చోట ఫోకస్ తప్పి కింది వరకూ తెగదు. బల్ల మీద పడుకోబెట్టి, పైన బరువు పెట్టండి.

350లో మీకు మిగిలేది 30 అన్నమాట. లాభం 80 వేస్తే చేతికి 400 రావాలి. ఆన్‌లైన్ దుకాణం అన్నీ కలిపి 15 శాతం పట్టుకుంటే 400కి 15 శాతం కలిపి 460 పెట్టకండి, అందులో వాళ్ల వాటా 69 పోయి 391 చేతికొస్తుంది. 400ని 0.85తో భాగిస్తే 470. అమ్మేవాడికి చేతికొచ్చే మొత్తాన్ని నాలుగు పేజీల లోపల దాచిపెట్టే ఈ సెల్లర్ యాప్‌లను ఎవరు గీశారోగానీ, వాళ్లు ఎప్పుడూ కొట్లో కూర్చున్నట్టు లేదు.

ప్రశ్న: పెళ్లి రిటర్న్ గిఫ్టుల ఆర్డరంటూ ఎవరో మెయిల్‌లో ఎస్‌వీజీ ఫైలు పంపారు. తెరిస్తే మెయిల్ పాస్‌వర్డ్ అడిగింది, కొట్టాను. బొమ్మే కదా? (భీమవరం)

కాదు. ఎస్‌వీజీ అంటే గీతల వివరాలు రాసిన అక్షరాల ఫైలు. అందులో ప్రోగ్రాం కూడా రాసి పెట్టవచ్చు. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే గీతలు గీసి ఊరుకుంటుంది. బ్రౌజర్‌లో తెరిస్తే లోపలి ప్రోగ్రాం నడిచి, అచ్చం మెయిల్ లాగిన్‌లా ఉండే దొంగ పేజీకి తీసుకుపోతుంది. చాలా కంప్యూటర్లలో ఎస్‌వీజీని రెండుసార్లు నొక్కితే తెరుచుకునేది బ్రౌజరే.

ఇప్పుడే వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చండి. అన్ని పరికరాల్లోనూ లాగౌట్ చేయండి. రెండంచెల తనిఖీ (టూ-స్టెప్ వెరిఫికేషన్) పెట్టండి. మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. మీ ఉత్తరాలు ఇంకొకరికి పోయేలా అక్కడ మీట నొక్కి ఉంటే, పాస్‌వర్డ్ మార్చినా ప్రయోజనం లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తర్వాత ఎస్‌వీజీకి డిఫాల్ట్‌గా ఇంక్‌స్కేప్‌ను పెట్టండి. విండోస్ ఫైలు పేరు చివరి తోకను (.svg, .exe లాంటిది) మామూలుగా దాచేస్తుంది. దాంతో ప్రోగ్రాం ఫైలు కూడా బొమ్మ పేరుతో కనబడుతుంది. ఇన్నేళ్లయినా దీన్ని మార్చకపోవడం నిర్లక్ష్యమే. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ చేయండి. జిప్ ఫైలు పంపి పాస్‌వర్డ్ మెసేజ్‌లో ఇచ్చారంటే వైరస్ స్కానర్ కళ్లు కప్పడానికే కావచ్చు. ఫోన్‌కు శుభలేఖ పేరుతో ఏపీకే (యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) వస్తే తెరవనే తెరవద్దు, శుభలేఖకు ఇన్‌స్టాల్ ఎందుకు?

లేజర్‌కు తగిలించిన పాత ల్యాప్‌టాప్‌లోనే బ్యాంకు పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అలాంటి ల్యాప్‌టాప్‌ను నెట్ తీసేసి కోతకే ఉంచండి. "యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి" అని రాసి ఉండే క్రాక్ (డబ్బు కట్టని దొంగ కాపీ) డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు.

ప్రశ్న: 40 వాట్ల డయోడ్ మెషీన్ కొన్నాను. నర్సరీ మొక్కల ట్యాగులకు క్లియర్ యాక్రిలిక్ తెగడం లేదు. (కడియం)

తెగదు. డయోడ్ ఇచ్చే నీలి కాంతి అద్దంలోంచి పోయినట్టు దానిలోంచి పోతుంది. దానికి సీవో2 (కార్బన్ డయాక్సైడ్ వాయువుతో నడిచే) లేజర్ కావాలి. పైగా కొన్ని మెషీన్ల పెట్టె మీద ఉండే 40 వాట్లు అవి తీసుకునే కరెంటు, కాంతిగా వచ్చేది 5 వాట్ల చిల్లర. ఆప్టికల్ పవర్ ఎంతో రాయని పెట్టెను వెనక్కి ఇచ్చేయడం మేలు. చవగ్గా ఉందని పీవీసీ ఫోమ్ షీటు మాత్రం పెట్టకండి, దాని పొగలోని హైడ్రోజన్ క్లోరైడ్ మన తేమతో కలిసి ఆమ్లమై ముందు మీ ఊపిరితిత్తులకు, తర్వాత మెషీన్ పట్టాలకు తగులుకుంటుంది. ఎండీఎఫ్ ట్యాగు నీళ్లకు ఉబ్బుతుంది. నల్ల యాక్రిలిక్ 2 మి.మీ. తీసుకుని, పై కాగితం తీయకుండానే చెక్కి, గాడిలో తెల్ల రంగు పూసి ఆరాక కాగితం లాగేయండి.