వర్కర్స్ కాంప్ డబ్బు వస్తుండగా ఇండియా వెళ్లొచ్చా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. గోడౌన్‌లో పెట్టె ఎత్తుతుంటే నా కుడి భుజం దెబ్బతింది. మూడు నెలలుగా పని లేదు. వర్కర్స్ కాంప్ (పనిలో గాయపడినవాళ్లకు ఇచ్చే బీమా) కింద రెండు వారాలకోసారి 1,200 డాలర్ల చెక్కు వస్తోంది. మాఘంలో విజయవాడలో మేనకోడలి పెళ్లి. అయిదు వారాలు వెళ్లొస్తే ఈ డబ్బు ఆగిపోతుందా?

జవాబు: ఇండియా వెళ్లినంత మాత్రాన ఆగదండీ. కాలిఫోర్నియాలో ప్రయాణానికి ఇన్సూరెన్స్ అడ్జస్టర్ (బీమా కంపెనీలో మీ కేసు చూసే ఉద్యోగి) అనుమతి తీసుకోవాలనే నియమం లేదు. కానీ మీరు లేనప్పుడు ఇంటికొచ్చే ఒక్క ఉత్తరం చెక్కును ఆపేయగలదు.

ముందు మీ డాక్టరు చివరిసారి పంపిన పీఆర్-2 రిపోర్టు (మీ గాయం ఎలా ఉందో, ఏ పని చేయొచ్చో బీమా కంపెనీకి చెప్పే నివేదిక) తీసి చూడండి. అందులో 'అసలు పని చేయకూడదు' అని ఉంటే కొంత నిశ్చింత. 'పది పౌండ్లకు మించి ఎత్తకూడదు' లాంటి పరిమితులతో పని చేయొచ్చని ఉంటే జాగ్రత్త. ప్రస్తుతం కంపెనీలో అలాంటి తేలికపాటి పని లేదు కాబట్టే మీకు చెక్కు వస్తోంది. రేపు వాళ్లు 'కూర్చుని చేసే పని ఉంది, సోమవారం రండి' అని రాస్తే, మీరు విజయవాడలో ఉండి రాలేకపోతే, పని వద్దన్నట్టే లెక్క. అక్కడితో చెల్లింపు ఆగుతుంది. ఈ రెండో పరిస్థితిలో ఉంటే నేనైతే ప్రయాణాన్ని రెండు వారాలకు కుదించుకోమంటాను.

తర్వాత తేదీల లెక్క. చికిత్స చేసే డాక్టరు 45 రోజులు దాటకుండా కొత్త రిపోర్టు పంపాలి. మీ ప్రయాణం 35 రోజులు. బయల్దేరే ముందు నాలుగైదు రోజుల్లో ఒకసారి చూపించుకుని, తిరిగొచ్చిన మూడో రోజుకు అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి. గడువులో సరిపోతుంది గానీ, మిగిలేది రెండు మూడు రోజులే. అందుకే తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొనండి. వెళ్లే ముందు చూపించుకున్నప్పుడు, ప్రయాణానికి అభ్యంతరం లేదనీ, ఆ అయిదు వారాలూ ఇంట్లో ఫలానా వ్యాయామాలు చేయాలనీ రిపోర్టులోనే రాయమని అడగండి. లేకపోతే ఫిజియోథెరపీకి రాని ప్రతి రోజూ 'చికిత్సకు సహకరించడం లేదు' అని నమోదు కావచ్చు. విజయవాడలో ఫిజియోథెరపీ చేయించుకుంటే ఆ ఖర్చు మీదే అనుకోండి.

ఇన్సూరెన్స్ వాళ్లు కోరిన వైద్య పరీక్ష ఆ తేదీల్లో పడిందేమో కనుక్కోండి. సరైన కారణం లేకుండా వెళ్లకపోతే చెల్లింపు నిలిపేయొచ్చు. వెళ్లే తేదీ, వచ్చే తేదీ, అక్కడి ఫోన్ నంబరు అడ్జస్టర్‌కు ఈమెయిల్‌లో రాయండి. అనుమతి కోసం కాదు, రేపు 'చెప్పకుండా వెళ్లిపోయింది' అనకుండా.

చెక్కు పోస్టులో వస్తుంటే డైరెక్ట్ డిపాజిట్ కుదురుతుందేమో అడగండి. పోస్టాఫీసు ఉత్తరాలను 30 రోజులకు మించి ఆపి ఉంచదు, మీకేమో 35 రోజులు. అయినా ఆపి ఉంచడం వద్దు. నమ్మకమైనవాళ్లు ఎవరైనా వారానికి రెండుసార్లు మీ ఉత్తరాలు తెరిచి ఫోటో పంపాలి. చెల్లింపు ఆపుతున్నట్టు నోటీసు వస్తే, రాష్ట్ర వర్కర్స్ కాంప్ విభాగం ఓక్లాండ్ కార్యాలయంలో సమాచార సహాయ అధికారి ఉచితంగా దారి చూపిస్తారు.

ఇక డబ్బు. ఈ 1,200 డాలర్ల మీద ఆదాయపు పన్ను లేదు, కాబట్టి చేతికొచ్చేది అంతా మీదే. వివాదం వస్తే తేలడానికి వారాలు పడుతుంది. కనీసం రెండు చెక్కులు, అంటే 2,400 డాలర్లు, టికెట్లకు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. అంత మిగలకపోతే ప్రయాణం మీ స్తోమతకు మించిందే. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు: జీతంలో కోసే ఆరోగ్య బీమా వాటా ఇప్పుడు కోసే వీలు లేదు, ఎలా కట్టాలో కంపెనీ హెచ్ఆర్‌ను అడగండి.

అక్కడ అన్నగారి కొట్లో కౌంటర్ చూసినా సరే, దానికి రూపాయి తీసుకున్నారంటే అది సంపాదనే, చెప్పి తీరాలి. దాస్తే మోసం కేసు అవుతుంది. డాక్టరు పెట్టిన పరిమితి పది పౌండ్లయితే, అది నాలుగున్నర కిలోలే; విమానం బ్యాగు 23 కిలోలు. దాన్ని మీరు ఎత్తుతున్న వీడియో ఒక్కటి చాలు కేసు తలకిందులు కావడానికి. వీల్‌చెయిర్ సహాయం ముందే బుక్ చేసుకోండి, ఆవకాయ జాడీలు వేరేవాళ్లతో మోయించండి.