ఫ్రిజ్‌లో పెడితే ఆప్రికాట్లలో యాంటీఆక్సిడెంట్లు పోతాయా?

అవి పోతాయో లేదో తర్వాత, ముందు పండు మిగలాలి కదా!

మా బావ మిలిటరీలో ఉంటాడు. ఓ ఆగస్టులో లేహ్ నుంచి హన్మకొండ వస్తూ రెండు డబ్బాల ఆప్రికాట్లు తెచ్చాడు. ఒకటి హల్మాన్, ఇంకోటి రక్త్సే కార్పో, అంటే గింజ తెల్లగా ఉండే రకం. మాకు ఆప్రికాట్, అదే ఖుబానీ, అంటే పెళ్లిలో పెట్టే మీఠాయే. తాజా పండు చూడటం అదే మొదలు. రాఖీకి మేనత్త వస్తుందని అమ్మ తలా రెండు పంచి, మిగతావి ఫ్రిజ్‌లో దాచింది. పది రోజులకు తీస్తే పైన నిగనిగలే. కోస్తే గింజ చుట్టూ గోధుమ రంగు, నోట్లో పెడితే ఉడికీ ఉడకని ఆలుగడ్డ. బుట్టలో మరిచిపోయిన నాలుగు పండ్లు మాత్రం అప్పట్లో మూడో రోజుకే మెత్తబడి ఇల్లంతా ఘుమఘుమలాడించాయి. ఎక్కువ పాడైనవి హల్మాన్లే.

"మన మిర్చి ఏసీల పెడితే ఏడాదైనా రంగు పోదు, దీనికేం రోగమొచ్చింది?" అన్నాడు నాన్న. ఏసీ అంటే మా దగ్గర కోల్డ్ స్టోరేజీ.

మిర్చి ఎండు సరుకు, పండు కోశాక కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది. ఆప్రికాట్‌ను సున్నా డిగ్రీల దగ్గర, 90–95 శాతం తేమలో పెట్టాలి. అక్కడా రెండు మూడు వారాలే. మన ఫ్రిజ్ నాలుగైదు డిగ్రీల్లో ఉంటుంది. సున్నా దగ్గర కన్నా ఆ నాలుగైదు డిగ్రీల చలికే లోపలి కండ త్వరగా చెడుతుంది, కొన్ని రకాల్లో మరీనూ.

ఇక మీరడిగింది. నిల్వలో విటమిన్ సి తగ్గుతూ పోతుంది, బీటా కెరోటిన్ అంత తొందరగా పోదు. అసలు అది ఎంత ఉందన్నది రకాన్ని బట్టే. నారింజ రంగు కండలో ఎక్కువ, తెల్ల కండలో తక్కువ. నన్నడిగితే ఫ్రిజ్‌ను తిట్టేముందు ఏ రకం కొన్నారో చూసుకోండి. 2025లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు సరుకే అన్న ముద్ర, వచ్చిన మన వరంగల్ చపాటా మిర్చి ఎరుపు కూడా ఏసీలో పుట్టింది కాదు, చేనులోనే వచ్చింది. ఏసీ దాన్ని కాపాడుతుంది, అంతే. కిరాయి మాత్రం మనదే. రేటు పెరుగుతుందని నెలల తరబడి బస్తాలు ఉంచి, చివరికి పెట్టిన రోజు ధరకే ఏనుమాముల మార్కెట్‌లో అమ్ముకున్న ఏడాది గురించి నాన్నను కదిలించకండి.

మరుసటేడు బావ తెచ్చిన డబ్బా రెండు రోజుల్లో ఖాళీ. రాఖీకి వచ్చిన అత్తకు తెల్ల గింజలు పగలగొట్టి పప్పు పెట్టాం. బాదంలా ఉందని కొంగున కట్టుకుని పోయింది.