సీ షార్ప్‌లో న్యూ పెడితే పేరెంట్ మెథడే ఎందుకు నడుస్తున్నది?

మీరు అడిగింది: పేరెంట్ క్లాసులో మెథడ్‌కు వర్చువల్ (చైల్డ్ దీన్ని మార్చుకోవచ్చన్న గుర్తు) పెట్టిన, దాన్నుంచి పుట్టిన చైల్డ్ క్లాసులో అదే మెథడ్‌ను న్యూ అని రాసిన, అయినా పేరెంట్ టైపు వేరియబుల్‌తో పిలిస్తే పాతదే నడుస్తున్నది, ఎందుకు అని. న్యూ తీసేసి ఓవర్‌రైడ్ పెట్టండి, సరిపోతది. కానీ కారణం తెలియకుండా మార్చి వదిలేస్తే రేపు ఇంకోచోట ఇదే తగుల్తది.

ఓవర్‌రైడ్ అంటే పేరెంట్ మెథడ్ స్థానంలోకే చైల్డ్ మెథడ్ వస్తది. వేరియబుల్ ఏ టైపుదైనా, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు అందులో ఉన్న ఆబ్జెక్టు ఏ క్లాసుదో చూసి దాని మెథడ్‌నే పిలుస్తది. న్యూ అట్ల కాదు. పాతది ఉన్నచోటనే ఉంటది, పక్కన అదే పేరుతో వేరే మెథడ్ పుడుతది. రెండిట్లో ఏది కావాలన్నది వేరియబుల్ టైపును బట్టి కంపైలర్ ముందే తేల్చేస్తది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణం బిల్లింగ్ ప్రోగ్రామ్ నేను చూసుకుంటున్న. కోడ్ నా చేతికి రాకముందే రాసి ఉన్నది. బిల్లు అనే క్లాసు, దాని కింద పత్తిబిల్లు, మిర్చిబిల్లు. హమాలీ లెక్క బిల్లులో క్వింటాలుకు ఇంత అని, మిర్చిబిల్లులో సంచికి ఇంత అని. మిర్చి తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) తీస్తే హమాలీ సరిగ్గనే వస్తది, అక్కడ వేరియబుల్ మిర్చిబిల్లు టైపుది కాబట్టి. సాయంత్రం మొత్తం తీసే రిపోర్టు మాత్రం అన్నిటినీ బిల్లు టైపు లిస్టులో వేసుకొని కూడుతది. అక్కడ మిర్చికీ క్వింటాలు లెక్కే పడుతున్నది. రైతుల చేతికిచ్చిన పట్టీలకూ దుకాణం ఖాతాకూ పొంతన లేదు. గుమస్తా పట్టీలన్నీ ముందేసుకొని కాలిక్యులేటర్‌తోని కూడి చూపిస్తేనే బయటపడ్డది. ఎక్కడా ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు. డబ్బు లెక్కలో ఇంతకంటే ప్రమాదం ఇంకోటి లేదని నేననుకుంట.

ఆ కోడ్‌లో న్యూ లేదు, ఓవర్‌రైడూ లేదు. పేరెంట్‌లో వర్చువల్ ఉండి చైల్డ్‌లో ఏదీ రాయకపోతే సీ షార్ప్ దాన్ని న్యూ కిందనే లెక్కగడ్తది. సీఎస్ 0114 అనే వార్నింగ్ ఇస్తది, అంతే. వర్చువల్ కూడా లేకపోతే వచ్చేది 0108. న్యూ అని రాస్తే ఆ వార్నింగ్ ఆగుతది తప్ప మెథడ్ నడిచే తీరు మారదు. ఈ రెండు వార్నింగులనూ ప్రాజెక్టు సెట్టింగుల్లో ఎర్రర్లుగా మార్చుకోండి, ఈ రోజే.

మరి న్యూ ఎందుకు పెట్టిండ్రు? మీ చైల్డ్‌లో ప్రింట్ అనే మెథడ్ ఎప్పటినుంచో ఉన్నదనుకోండి. లైబ్రరీవాళ్లు కొత్త వెర్షన్‌లో పేరెంట్‌కు అదే పేరుతో ఒకటి చేర్చిండ్రు. మీది తెలియకుండానే వాళ్లదాన్ని ఓవర్‌రైడ్ చేస్తే లైబ్రరీ లోపలి పని చెడుతది. అది జరగకుండా ఈ ఏర్పాటు. ఆ సందర్భం తప్ప నేను న్యూ వాడను. పేరెంట్‌లో వర్చువల్ లేక, దాన్ని మార్చే వీలూ లేకపోతే నా మెథడ్‌కు వేరే పేరు పెడ్త.

కాలేజీలో జావా నేర్చుకొని వచ్చినవాళ్లకు ఇది ఇంకా తికమక. జావాలో స్టాటిక్, ప్రైవేట్, ఫైనల్ కాని మెథడ్‌లన్నీ వాటంతటవే ఓవర్‌రైడ్ అయితయి. స్టాటిక్ మెథడ్‌లు, ఫీల్డులు (క్లాసులోని డేటా) మాత్రం సీ షార్ప్ న్యూ లెక్కనే దాగుతయి, అంటే పాతది పోదు, కొత్తదాని చాటున ఉంటది. ఫీల్డు రెండు భాషల్లోనూ ఓవర్‌రైడ్ కాదు.

మీ కోడ్‌లో ఏది జరుగుతున్నదో అనుమానముంటే చైల్డ్ ఆబ్జెక్టును పేరెంట్ టైపుకు కాస్ట్ చేసి (అంటే పేరెంట్ టైపుదిగా చూపించి) అదే మెథడ్ పిలవండి. జవాబు మారితే పేరెంట్‌ది దాగింది. మారకపోతే ఓవర్‌రైడ్ అయింది.